డోపమైన్ తీగలు ఎక్కడ తాకుతాయి, ఎక్కడ కారతాయి

ఇంట్లో పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే లెవోడోపా మాత్ర సంగతి మీకు తెలిసే ఉంటుంది, మన దగ్గర సిండోపా లాంటి పేర్లతో దొరుకుతుంది. మాత్ర వేసుకున్న గంటలోపే, అప్పటిదాకా కుర్చీలోంచి లేవలేని మనిషి లేచి నడుస్తాడు. చూసి చూసి అలవాటైపోయి వింత అనిపించదు గానీ, కాస్త ఆలోచిస్తే ఇది జరగకూడని పని. మెదడులో డోపమైన్ అనే రసాయనం వదిలే కొన్ని నరాల కణాలు చచ్చిపోయాయి, వాటితో పాటు వాటి తీగలూ, ఆ తీగలు వేరే కణాల్ని తాకే చోట్లూ పోయాయి. మనం చేసిందల్లా డోపమైన్‌కి ముడిసరుకైన లెవోడోపాని రక్తంలోకి పంపించడమే, పోయిన కనెక్షన్‌ని తిరిగి కలిపింది లేదు. మరి సందేశం ఎలా చేరుతోంది? కంటి నుంచి మెదడుకి వెళ్ళే నరం దెబ్బతింటే, ఆ నరం వాడే గ్లూటమేట్ అనే రసాయనాన్ని ఎంత మింగించినా చూపు రాదు. ఇక్కడ మాత్రం నడక వస్తోంది.

దీనికి జవాబు "డోపమైన్ అంటే ఆనందం ఇచ్చే రసాయనం" అనే కబుర్లలో దొరకదు. ఆ తీగలు చివర్లో ఎలా ఉంటాయి, ఏ చోట వదులుతాయి, వదిలింది ఎంత దూరం పోతుంది అనే చాలా చిన్న చిన్న కొలతల్లో దొరుకుతుంది. నన్నడిగితే డోపమైన్ గురించి ముందు తెలుసుకోవాల్సింది ఇదే, రీల్స్‌లో ఎవరూ చెప్పనిదీ ఇదే.

ఒక కణం తీగ ఇంకో కణాన్ని తాకే చోటుని సినాప్స్ అంటారు, ముందు మామూలు సినాప్స్ ఎలా ఉంటుందో చూద్దాం. నరాల కణాన్ని న్యూరాన్ అంటారు. దాని నుంచి సందేశం బయటికి పోయే తీగ ఆక్సాన్, సందేశం అందుకునే కొమ్మలు డెండ్రైట్లు. చాలా రకాల కణాల్లో ఈ కొమ్మల మీద ముళ్ళలా బుడిపెలు ఉంటాయి, ఒక్కో ముల్లుకీ ఒక తల, కింద సన్నటి మెడ. గ్లూటమేట్ వాడే ఆక్సాన్ చివర ఈ ముల్లు తలకి దాదాపు ఆనుకుని ఉంటుంది, మధ్యలో మిగిలే సందు సుమారు 20 నానోమీటర్లు, అంటే మిల్లీమీటర్‌లో యాభై వేలో వంతు. ఆక్సాన్ వైపు రసాయనం నింపుకున్న సంచులు, ఒక్కోటీ 40 నుంచి 50 నానోమీటర్ల వ్యాసంతో, యాక్టివ్ జోన్ అనే విడుదల స్థానం దగ్గర వరసగా కాచుకుని ఉంటాయి. అవతలి వైపు సరిగ్గా దానికి ఎదురుగా ఆ రసాయనాన్ని పట్టుకునే రిసెప్టర్లు గుంపుగా ఉంటాయి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో ఆ చోటు మందపాటి నల్ల గీతలా కనిపిస్తుంది. సంచి పగలడం, గ్లూటమేట్ సందు దాటడం, రిసెప్టర్ తెరుచుకోవడం, ఇదంతా కొన్ని మిల్లీసెకన్లలో అయిపోతుంది. ఎవరు చెప్పారు, ఎవరు విన్నారు అనేదాంట్లో అనుమానమే లేదు.

1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఈ సందుని కళ్ళారా చూపించాక, మెదడు కణాలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయిన ఒకే వలా, లేక విడివిడి కణాలా అని గోల్గి, కహాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తల మధ్య నడిచిన పాత గొడవ తీరిపోయింది. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇస్తే, గోల్గి ఆ బహుమతి ఉపన్యాసంలోనే కహాల్ సిద్ధాంతాన్ని ఎండగట్టాడు, అంత పట్టుదల. చివరికి కహాల్ చెప్పిందే నిజమైంది. దాంతో పాటు ప్రతి కనెక్షనూ ఇలాగే ఎదురెదురుగా ఉంటుందనే నమ్మకం కూడా పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయింది.

డోపమైన్ ఈ బొమ్మలో ఇమడలేదు. మెదడులో అసలు అదొకటి ఉందని 1957లో ఇంగ్లండ్‌లో కేథలీన్ మాంటగూ చూపించింది. అదే ఏడాది స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్, రిసెర్పిన్ అనే మందు ఇచ్చి మొద్దుబార్చిన కుందేళ్ళకి డోపమైన్ ముడిసరుకైన డోపా ఎక్కిస్తే అవి లేచి తిరగడం చూశాడు. మూడేళ్ళకి వియన్నాలో ఎరింగర్, హార్నికివిచ్ పార్కిన్సన్స్‌తో చనిపోయినవాళ్ళ మెదడులో కదలికల్ని నడిపించే స్ట్రయేటం అనే భాగంలో డోపమైన్ బాగా తగ్గిపోయిందని కనిపెట్టారు. అయితే తీగల్ని చూసే వీలు కలిగింది 1962 తర్వాత, ఫాక్, హిలార్ప్ అనే ఇద్దరు స్వీడన్ శాస్త్రవేత్తల పద్ధతితో. ఎండబెట్టిన మెదడు ముక్కకి ఫార్మాల్డిహైడ్ ఆవిరి పట్టిస్తే డోపమైన్ ఉన్న చోటల్లా ఆకుపచ్చగా వెలిగేది. 1964లో డాల్‌స్ట్రోమ్, ఫూక్సే ఈ వెలుగుతోనే ఆ కణాల గుంపులకి మ్యాపు గీశారు, ఎ9 ఎ10 అని వాళ్ళు పెట్టిన నంబర్లు ఇప్పటికీ వాడుతున్నారు. మిగతా చోట్ల పూసల్లా ఉబ్బుతూ సాగే సన్నటి తీగలు కనిపించాయి గానీ, స్ట్రయేటంలో మాత్రం తీగలు ఎంత దట్టంగా ఉన్నాయంటే విడిగా ఒక్కటీ తెలియలేదు, మొత్తం ఆకుపచ్చటి పొగమంచులా ఉంది.

ఆ మంచు వెనకున్న లెక్కలు నమ్మబుద్ధి కావు. మనిషి మెదడులో దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లు ఉంటే, మధ్యమెదడులో డోపమైన్ తయారుచేసేవి నాలుగు నుంచి ఆరు లక్షలు మాత్రమే, అంటే లక్షకి ఒకటి కూడా లేదు. వీటిలో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోటున్నవి ప్రధానంగా స్ట్రయేటంకి తీగలు పంపుతాయి. ఎలుకలో అయితే ఒక వైపు సబ్‌స్టాన్షియా నైగ్రాలో ఇలాంటి కణాలు పన్నెండు వేల దాకా ఉంటే, అవి అందుకోవాల్సిన స్ట్రయేటం కణాలు ఆ ఒక్క వైపే దాదాపు 28 లక్షలు.

ఇంత తక్కువ మంది అంత మందిని ఎలా అందుకుంటారో 2009లో జపాన్ క్యోటో బృందం చూపించింది. వైరస్ సాయంతో ఎలుక మెదడులో ఒకే ఒక్క డోపమైన్ కణానికి రంగు వెలిగేలా చేసి, దాని ఆక్సాన్ మొదలు నుంచి చిట్టచివరి కొమ్మ దాకా, ముక్క వెనక ముక్క పట్టుకుంటూ గీశారు. ఇలా కొన్ని కణాల్ని గీస్తే అన్నిటికన్నా పొడవైనదాని కొమ్మల మొత్తం పొడవు 78 సెంటీమీటర్లు వచ్చింది, ఎలుక ఒంటి పొడవుకి మూడింతలు, అదీ ఒక్క కణానికి. సగటున ఒక్కో కణం స్ట్రయేటంలో 2.7 శాతం మేర కమ్ముకుంటుంది, ఆ మేరలో సుమారు 75,000 న్యూరాన్లు ఉంటాయి. తిరగేసి చూస్తే ఒక్కో స్ట్రయేటం కణం మీద వందకి అటూ ఇటూ నుంచి రెండు వందల దాకా డోపమైన్ కణాల తీగలు పరుచుకుని ఉంటాయి. అంటే ఎవరికీ సొంత డోపమైన్ కణం అంటూ లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో బోలమ్, పిస్సదాకి 2012లో ఇదే లెక్కని మనిషికి వేస్తే ఒక్క కణానికి నాలుగు మీటర్లు దాటిన తీగ, 10 లక్షల నుంచి 24 లక్షల సినాప్సులు తేలాయి. మామూలు న్యూరాన్‌కి వేలల్లో, మహా అయితే కొన్ని పదుల వేలల్లో ఉంటాయి. ఈ అంకెని గుర్తుపెట్టుకోండి, జబ్బు దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

ఇప్పుడు తీగ చివరికి వెళ్దాం. ఈ తీగ మందం మైక్రాన్‌లో చిన్న భాగం, పైన మైలిన్ తొడుగు ఉండదు, అందుకే సంకేతం సెకనుకి అర మీటరు, మీటరు వేగంతో తాపీగా పోతుంది. నిజానికి చివర అని చెప్పుకోదగ్గది పెద్దగా లేదు, దారి పొడవునా ఉబ్బులు ఉంటాయి, సంచులు ఆ ఉబ్బుల్లో ఉంటాయి. ఎలుక స్ట్రయేటంలో ఘనపు మిల్లీమీటర్‌కి పది కోట్ల ఉబ్బులు ఉన్నాయని 1980లలోనే లెక్కకట్టారు.

1984లో ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్రాయిండ్, పావెల్, స్మిత్ అనే ముగ్గురు, డోపమైన్ తయారీ ఎంజైమ్‌కి రంగు పట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూసినప్పుడు అందంగా ఉన్న ఒక అమరిక బయటపడింది. ముల్లు తల మీద మెదడు పైపొర నుంచి వచ్చిన గ్లూటమేట్ సినాప్స్, అదే ముల్లు మెడ మీద డోపమైన్ సినాప్స్. వాళ్ళు చూసిన డోపమైన్ సినాప్సుల్లో సగం పైన ముళ్ళ మీదే, ఎక్కువగా మెడల మీదే ఉన్నాయి. చూడగానే అర్థం స్ఫురిస్తుంది: తల మీద వచ్చే సమాచారాన్ని మెడ దగ్గర కూర్చున్న డోపమైన్ లోపలికి రానివ్వాలా వద్దా అని తేలుస్తోంది. ఈ బొమ్మ ఎన్ని పుస్తకాల్లోకి ఎక్కిందో చెప్పలేం, ఇప్పటికీ కాలేజీ పాఠాల్లో ఇదే గీస్తారు.

ఈ బొమ్మలో కనిపించింది అబద్ధం కాదు, కానీ దాన్నుంచి తీసిన అర్థం మాత్రం నిలబడలేదు. అదే ఆక్స్‌ఫర్డ్ నుంచి 2008లో మాస్, బోలమ్ ఒక సింపుల్ ప్రశ్న అడిగారు. డోపమైన్ తీగ నిజంగా ముళ్ళని వెతుక్కుని వెళ్తోందా, లేక అంత దట్టంగా ఉంది కాబట్టి ఏ చోటు చూసినా పక్కనే కనిపిస్తోందా? కొలిచి చూస్తే రెండోదే కరెక్ట్ అని తేలింది. మెదడు పైపొర నుంచి వచ్చే గ్లూటమేట్ సినాప్సులైనా, థాలమస్ నుంచి వచ్చేవైనా, అసలు ఏ సినాప్సూ లేని పొర ముక్కలైనా, అన్నీ డోపమైన్‌కి ఒకే మాదిరి దగ్గరలో ఉన్నాయి. స్ట్రయేటంలో ఏ చోట వేలు పెట్టినా మైక్రాన్ దూరంలో ఒక డోపమైన్ సినాప్స్ ఉంటుందన్నది వాళ్ళ లెక్క.

ఈలోపు మాంట్రియల్‌లో లోరాన్ డెకారీ బృందం ఇంకా ఇబ్బంది పెట్టే మాట చెబుతూ వచ్చింది. తీగ మీద ఉబ్బుల్లో ఎదురుగా సినాప్స్ కట్టుకున్నవి 30 నుంచి 40 శాతమే, మిగతావాటికి ఎదురుగా ప్రత్యేకంగా ఎవరూ లేరు. మరి అవి ఎవరికోసం వదులుతున్నట్టు? 1986లో ఫూక్సే, అగ్నాటి ఇలా ద్రవంలో వ్యాపించి చేరే సందేశానికి వాల్యూమ్ ట్రాన్స్‌మిషన్ అని పేరు పెట్టారు. సందు దాటి ఎదుటివాడికి కాకుండా, చుట్టుపక్కల రిసెప్టర్ ఉన్నవాళ్ళందరికీ అన్నమాట.

అలాగని ప్రతి ఉబ్బూ నిరంతరం కారుస్తూ ఉంటుందని అనుకుంటే అదీ తప్పే. అనంతపురం వైపు చీనీ తోటల్లో డ్రిప్ పైపు చూసినవాళ్ళకి ఇది తేలిగ్గా పట్టుబడుతుంది: పైపు తోటంతా పాకుతుంది, నీళ్ళు బయటికొచ్చేది మాత్రం అక్కడక్కడ ఉన్న డ్రిప్పర్ల దగ్గరే, అందులోనూ కొన్ని మూసుకుపోయి ఉంటాయి, వచ్చిన నీళ్ళు ఆ చోటే ఆగవు, చుట్టూ మట్టిలోకి ఇంకి వేర్లు ఎక్కడుంటే అక్కడికి చేరతాయి. 2016లో కొలంబియా యూనివర్సిటీ బృందం డోపమైన్ లాగే సంచుల్లోకి ఎక్కే ఒక వెలిగే పదార్థాన్ని వాడి చూస్తే, ఉబ్బుల్లో ఆరింట ఒకటే దాన్ని బయటికి వదిలింది. సంచులు నిండుగా ఉన్నా మిగతావి పలకలేదు. ఎందుకో 2018లో హార్వర్డ్‌లో పాస్కల్ కేజర్ బృందం చేసిన పనిలో కొంత తెలిసింది. మామూలు సినాప్స్‌లో విడుదల స్థానాన్ని కట్టిపెట్టే ప్రోటీన్లు, రిమ్, బసూన్ లాంటివి, డోపమైన్ ఉబ్బుల్లో సుమారు 30 శాతంలోనే గుంపుగా ఉన్నాయి. ఎలుకల్లో రిమ్‌ని తీసేస్తే సంకేతం రాగానే జరగాల్సిన డోపమైన్ విడుదల దాదాపు మొత్తం ఆగిపోయింది. అంటే విడుదల చాలా కచ్చితమైనది, వేగమైనది, కొన్ని చోట్లకే పరిమితమైనది. బయటికొచ్చాక జరిగేదే వదులుగా జరుగుతుంది. డోపమైన్ మెల్లగా ఊరే రసాయనమని ఒక తరం పాటు అందరూ చెప్పుకున్నదాన్ని ఈ ఒక్క పని సగం తిరగరాసింది.

మరి ఆ 30, 40 శాతం చోట్ల ఎదురుగా కట్టుకున్న సినాప్స్ ఏమిటి? ఇక్కడ అసలు ట్విస్టు ఉంది. 2016లో జపాన్ శాస్త్రవేత్తలు ఆ అవతలి వైపు ఏ ప్రోటీన్లు ఉన్నాయో చూశారు. డోపమైన్ రిసెప్టర్లు ఉండాలి కదా, అవి అక్కడ గుంపుగా లేవు. గాబా అనే వేరే రసాయనానికి సంబంధించిన సరంజామా ఉంది, న్యూరోలిజిన్-2 అనే ప్రోటీన్ రెండు వైపుల్నీ అతికించి పట్టుకుంది. డోపమైన్ కణాలు గాబాని కూడా వదులుతాయని 2012లో హార్వర్డ్‌లో సబాతినీ బృందం అంతకుముందే చూపించింది, కొన్ని గ్లూటమేట్‌ని కూడా వదులుతాయి. డి1, డి2 అనే డోపమైన్ రిసెప్టర్లు ఎక్కువగా సినాప్స్‌కి బయట, ముళ్ళ మీద, కొమ్మల పక్కల్లో చెదిరి ఉంటాయి. అలా చూస్తే నలభై ఏళ్ళుగా మనం డోపమైన్ సినాప్స్ అని పిలుస్తున్నది తీగని అక్కడ కట్టిపెట్టే ముడి, దాంతో పాటు గాబా సందేశం పోయే దారి. డోపమైన్ సందేశం ఎక్కువగా దాని చుట్టుపక్కల జరుగుతోంది. నా మటుకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ఆశ్చర్యంగా అనిపించింది ఇదే, దీనికి రావాల్సినంత పేరు రాలేదు కూడా.

శుభ్రం చేసే యంత్రాంగం కూడా ఇదే మాట చెబుతుంది. బయటికొచ్చిన డోపమైన్‌ని మళ్ళీ తీగలోకి లాక్కునే ప్రోటీన్‌ని డాట్ అంటారు. అది సినాప్స్ సందులో ఉండదు, ఆక్సాన్ పక్కల మీద, సందుకి బయట ఉంటుంది. సందులోంచి డోపమైన్ మిల్లీసెకన్లలో బయటపడుతుంది, డాట్ దాన్ని తొందరగా పట్టుకోలేదు, అది చేసే పనల్లా ఎంత దూరం, ఎంతసేపు పోవాలో హద్దు గీయడం. 2004లో క్రాగ్, రైస్ వేసిన లెక్క ప్రకారం ఒక్క విడుదల చుట్టూ కొన్ని మైక్రాన్ల మేర రిసెప్టర్లని తాకుతుంది, ఆ గోళంలో కొన్ని వందల, వేల సినాప్సులు ఉంటాయి. కొకైన్ చేసేది ఈ డాట్‌ని మూసేయడమే, దాంతో ఆ గోళం పెరుగుతుంది, డోపమైన్ ఎక్కువసేపు నిలుస్తుంది. 2021లో చికాగోలో ఒక బృందం ఎలుకల మెదడులో న్యూక్లియస్ అకంబెన్స్ అనే చోట ఇంకో అడుగు వేసి, డోపమైన్ తీగల్ని వరస ముక్కలుగా కోసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో తిరిగి పేర్చింది. అక్కడ పాఠ్యపుస్తకాల మాదిరి సినాప్సులు దాదాపు లేవు, ఉబ్బులు పక్క కణాల పొరలోకి చిన్న చిన్న మొనల్లా చొచ్చుకుని ఉన్న చోట్లు మాత్రం కనిపించాయి. కొద్ది రోజుల కొకైన్‌కే తీగలు కొత్త కొమ్మలు వేశాయి, చాలాచోట్ల కొమ్మ చివర మైటోకాండ్రియాతో నిండిన పెద్ద ఉండలు కట్టాయి. డెకారీ చెప్పిన 30, 40 శాతానికీ దీనికీ పొత్తు కుదరడం లేదు కదా అంటే, మెదడులో చూసిన చోటు వేరు, రంగు పట్టించిన పద్ధతి వేరు, దేన్ని సినాప్స్ అనాలి అనే కొలబద్ద కూడా వేరు. ఈ గొడవ ఇంకా నడుస్తోంది.

ఇంకో చిక్కు. సంకేతం కణం నుంచి మొదలై తీగ వెంట రావాలని చదువుకున్నాం. స్ట్రయేటంలోనే ఎసిటైల్‌కోలిన్ వదిలే కొన్ని కణాలు ఉన్నాయి, వాటి రసాయనం డోపమైన్ ఆక్సాన్ మీద ఉన్న నికోటినిక్ రిసెప్టర్లని తాకితే, మధ్యమెదడులో ఉన్న కణానికి సంబంధం లేకుండా అక్కడికక్కడే డోపమైన్ విడుదలవుతుంది. 2012లో ఆక్స్‌ఫర్డ్ బృందం మెదడు ముక్కల్లో దీన్ని చూపించింది, 2022లో కేజర్ బృందం ఆక్సాన్ కొసల్లోనే సంకేతం పుడుతోందని రుజువు చేసింది. సిగరెట్లో ఉండే నికోటిన్ పేరు ఆ రిసెప్టర్లకి ఊరికే రాలేదు.

ఇన్ని విన్నాక ఒక సందేహం రావాలి. అందరికీ పోసే సందేశంతో కచ్చితంగా నేర్చుకోవడం ఎలా సాధ్యం? సైకిల్ తొక్కడం నేర్చుకునేటప్పుడు మారాల్సింది కొన్ని సినాప్సులే, డోపమైన్ ఆ మేరంతా తడిపేస్తుంటే వేరేవి ఎందుకు మారవు? జవాబు చోటులో లేదు, సమయంలో ఉంది. 2014లో టోక్యోలో యగిషితా, కసాయి బృందం ఒక్కొక్క ముల్లు మీద లేజర్‌తో గ్లూటమేట్ వదిలి, ఆ తర్వాత వేరువేరు ఆలస్యాలతో డోపమైన్ విడుదల చేయించి చూసింది. గ్లూటమేట్ తగిలాక 0.3 నుంచి 2 సెకన్ల లోపు డోపమైన్ వస్తేనే ఆ ముల్లు పెద్దదైంది. ముందొచ్చినా, ఐదు సెకన్ల తర్వాత వచ్చినా ఏమీ జరగలేదు. అంటే ఇప్పుడే పనిచేసిన ముళ్ళ మీద ఒక గుర్తు పడి ఉంటుంది, డోపమైన్ అందరి దగ్గరికీ వస్తుంది, గుర్తున్నవే దాన్ని వాడుకుంటాయి. మెడ దగ్గర కాపలా కాయాల్సిన అవసరమే లేదు. ఇంటర్నెట్లో కనిపించే డోపమైన్ డిటాక్స్ సలహాలు నాకు తేలిపోయినట్టు అనిపించేది కూడా ఇందుకే. ఫోన్ తగ్గించడం మంచిదే, కాకపోతే మెదడులో ఖాళీ చేసి మళ్ళీ నింపుకునే డోపమైన్ తొట్టి ఏదీ లేదు, ఉన్నది సెకన్ల లెక్కలో పనిచేసే సంకేతం.

ఇక లెవోడోపా చిక్కు విడిపోతుంది. ఎవరు ఎవరికి అనే చిరునామా మీద ఆధారపడని సందేశం కాబట్టి, తీగ పోయినా రిసెప్టర్లు చెదిరి ఉన్న చోటికి ఎలాగోలా డోపమైన్ చేరితే పని కొంత జరుగుతుంది. లెవోడోపాని డోపమైన్‌గా మార్చే ఎంజైమ్ మిగిలిన డోపమైన్ తీగల్లో ఉంది, సెరొటోనిన్ వదిలే తీగల్లోనూ ఉంది, అవి కూడా ఆ పని చేసిపెడతాయి. అన్నట్టు ఈ లెవోడోపాకి మన వైపు ఒక పాత చుట్టరికం ఉంది. మన పొలం గట్ల మీద కంచెల్లో అల్లుకునే దూలగొండి గింజల్లో ఇది దండిగా ఉందని, 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు దాన్ని విడదీసి ప్రచురించారు, అప్పటికి మెదడులో డోపమైన్ ఉందని ఎవరికీ తెలియదు. అలాగని ఆ గింజల పొడి చూసి మాత్ర మానేయకండి, గింజ గింజకీ మోతాదు మారుతుంది.

మొదటి ఏళ్ళలో మాత్ర హాయిగా పనిచేసి, తర్వాత తర్వాత మూడు నాలుగు గంటలకే ఆఫ్ అయిపోవడం, ఆన్‌లో ఉన్నప్పుడు ఒళ్ళు మెలికలు తిరగడం కూడా ఈ కొసల కథే. మిగిలిన డోపమైన్ తీగలు తయారైనదాన్ని దాచుకుని, సంకేతానికి తగ్గట్టు వదిలి, డాట్‌తో వెనక్కి తీసుకుంటాయి. అవి కూడా పోయాక ఆ పని సెరొటోనిన్ తీగల మీద పడుతుంది. వాటికి డాట్ లేదు, ఎక్కువైతే ఆపమని చెప్పే డి2 రిసెప్టర్ లేదు. మాత్ర ఉన్నంతసేపు పోసేస్తాయి, అయిపోగానే ఆగిపోతాయి. పేషెంట్ టైము తప్పి వేసుకున్నాడని ఇంట్లోవాళ్ళు విసుక్కునే సందర్భాల్లో చాలావాటికి కారణం క్రమశిక్షణ కాదు, మెదడులో నిల్వ పెట్టుకునే చోట్లు తగ్గిపోవడం.

అసలు ఈ కణాలే ఎందుకు పోతాయి అన్నదానికి ఇందాకటి అంకెలు అక్కరకొస్తాయి. నాలుగు మీటర్ల తీగ, పది లక్షలకి పైన సినాప్సులు, ప్రతి చోటా సంచులు నింపాలి, మైటోకాండ్రియా పంపాలి, చెడిపోయిన ప్రోటీన్లని వెనక్కి తేవాలి. పైగా ఈ కణాలు బయటి నుంచి ఎవరూ పిలవకపోయినా సెకనుకి కొన్నిసార్లు తమంతట తామే మోగుతూ ఉంటాయి, అలా మోగిన ప్రతిసారీ లోపలికొచ్చే కాల్షియాన్ని తోడి పోయడానికి శక్తి ఖర్చవుతుంది. సబ్‌స్టాన్షియా నైగ్రా పక్కనే ఉండే ఎ10 అనే గుంపు కణాల తీగలు ఇంత విస్తారంగా ఉండవు, పార్కిన్సన్స్‌లో అవి అంతగా పోవు. కాల్షియం తగ్గిస్తే జబ్బు నెమ్మదిస్తుందేమోనని ఇస్రాడిపిన్ అనే బీపీ మందుతో పెద్ద ట్రయల్ చేశారు, 2020లో ఫలితం వచ్చింది, ఉపయోగం కనిపించలేదు. జబ్బు కొసల నుంచే మొదలవుతుందని మాత్రం ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటున్నారు. వణుకు మొదలయ్యేసరికి కణాలు ఇంకా సగం దాకా మిగిలి ఉంటాయి, స్ట్రయేటంలో తీగలు మాత్రం అంతకంటే చాలా ఎక్కువ పోయి ఉంటాయి. 2013లో కోర్డోవర్ బృందం చనిపోయిన పేషెంట్ల మెదళ్ళు పరీక్షిస్తే, జబ్బు బయటపడిన నాలుగైదేళ్ళకే స్ట్రయేటంలో ఒక భాగమైన పుటమెన్ పైభాగంలో డోపమైన్ తీగలు దాదాపు లేకుండా పోయాయి, మధ్యమెదడులో రంగు ఉన్న కణాలు ఇంకా కొన్ని కనిపిస్తున్నా సరే.

కొత్త కణాలు నాటే ప్రయత్నాలు కూడా ఈ నిర్మాణాన్ని నమ్ముకునే నడుస్తున్నాయి. న్యాయంగా నాటాల్సింది సబ్‌స్టాన్షియా నైగ్రాలో, కానీ అక్కడ నాటితే తీగ పెద్దవాళ్ళ మెదడులో అంత దూరం పెరిగి దారి వెతుక్కోవాలి. అందుకే 1980ల చివర్లో స్వీడన్‌లోని లుండ్‌లో మొదలుపెట్టినప్పటి నుంచీ నేరుగా పుటమెన్‌లోనే పెడుతున్నారు. చోటు తప్పు, కణానికి రావాల్సిన సమాచారం చాలావరకు రాదు, అయినా చుట్టూ డోపమైన్ కారిస్తే చాలనేది లెక్క. కొందరికి బాగా పనిచేసింది. 2001లో వచ్చిన ఒక అమెరికా ట్రయల్‌లో కొందరికి మందు ఆపినా ఆగని మెలికలు వచ్చాయి. 2008లో ఏళ్ళ కిందట నాటిన కణాల్లోకి కూడా లూయీ బాడీలు అనే జబ్బు గుర్తులు చేరాయని తెలిసింది. 2025 ఏప్రిల్‌లో నేచర్ పత్రికలో రెండు చిన్న ట్రయల్స్ ఒకేసారి వచ్చాయి, క్యోటోలో ఐపీఎస్ కణాలతో, అంటే మామూలు కణాల్ని వెనక్కి తిప్పి మూలకణాల్లా మార్చినవాటితో ఒకటి, ఉత్తర అమెరికాలో పిండం మూలకణాలతో ఇంకొకటి. రెండూ ముందుగా భద్రత చూడటానికి చేసినవి, ఆ విషయంలో పెద్ద ఇబ్బంది రాలేదు, పెట్ స్కాన్‌లో పుటమెన్‌లో డోపమైన్ తయారీ పెరిగినట్టు కనిపించింది. ఆ స్కాన్ చూడగలిగేది మిల్లీమీటర్ల దాకా. నాటిన కణాల ఉబ్బుల్లో ఎన్నిటికి విడుదల స్థానం ఏర్పడింది, డాట్ ఎక్కడ కూర్చుంది అనేవి చూడాలంటే ఇప్పటికీ మనిషి చనిపోయాక మెదడుని కోసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టాల్సిందే.